మా ఐటినరరీలో డాల్ఫిన్ షో ఎందుకు ఉండదంటే

సింగపూర్ కొటేషన్ వాట్సాప్‌లో పెట్టిన గంటలోపే ఫోన్ వస్తుంది. "మేడమ్, ఇంకో ట్రావెల్స్ వాళ్లు డాల్ఫిన్లు కూడా చూపిస్తామన్నారు. మీ దాంట్లో లేవేంటి? రేటు కాస్త పెరిగినా ఫర్వాలేదు." దుబాయ్‌కీ ఇదే ప్రశ్న, బాలీకీ ఇదే ప్రశ్న. చిన్నపిల్లలున్న ఇళ్లవాళ్లయితే తప్పకుండా అడుగుతారు.

ఫోన్‌లో నేను రెండు ముక్కలకు మించి చెప్పలేను. స్పీకర్ పెట్టి ఉంటుంది, పిల్లలు పక్కనే వింటూ ఉంటారు. వాళ్ల చెవిన రక్తం మాట వేయడం నాకిష్టం లేదు. అందుకే చెప్పాల్సిందంతా ఇక్కడ రాసి పెడుతున్నాను. ముందు పెద్దవాళ్లు చదవండి. పిల్లలకు ఎంతవరకు చెప్పాలో మీకే తెలుస్తుంది.

షోలకు డాల్ఫిన్లను పట్టి అమ్మే చోట్లలో పేరుమోసినది జపాన్‌లో ఉంది. అక్కడ వాకయామా అనే ప్రాంతముంది. దాని దక్షిణ కొసన, కొండకీ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న ఊరు తైజీ. జనాభా దాదాపు 3,000. మన దగ్గర అయితే ఒక మోస్తరు పంచాయతీ. ఒసాకాలో కురోషియో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే సముద్రం పక్కనే నాలుగు గంటల ప్రయాణం. ఆ దగ్గర్లోనే నాచి జలపాతం ఉంది, 133 మీటర్ల ఎత్తునుంచి ఒకే ధారగా దూకుతుంది. దాని పక్కన గుడి, గోపురం. శరదృతువులో ఆకులు ఎర్రబడే రోజుల్లో మా గ్రూపుని నాచికి తీసుకెళ్లాను. తర్వాత వాళ్లను మా టూర్ మేనేజర్‌తో ఒసాకా పంపించి నేను తైజీలో దిగిపోయాను. చూడకుండా మాట్లాడకూడదని నా పట్టుదల.

అక్కడ ప్రతి ఏటా సెప్టెంబరు 1న డాల్ఫిన్ల వేట సీజను మొదలవుతుంది. చలికాలం పూర్తయ్యేదాకా నడుస్తుంది. తెల్లవారకముందే డజను దాకా పడవలు సముద్రంలోకి పోతాయి. డాల్ఫిన్ల గుంపు కనిపించగానే అర్ధచంద్రాకారంలో దాని వెనక చేరతాయి. ప్రతి పడవకీ పొడవాటి ఇనప గొట్టాలుంటాయి, వాటి అడుగు గంటలాగా వెడల్పుగా ఉంటుంది. గొట్టాన్ని నీళ్లలోకి దించి పైకొసను సుత్తితో బాదుతారు. జొన్నచేలో పిట్టల్ని తోలడానికి డబ్బాలు కొడతారు చూడండి, పని అదే. కాకపోతే పిట్టకు ఆకాశమంతా ఖాళీగా ఉంటుంది. డాల్ఫిన్ చెవితో బతికే జీవి. తాను చేసే శబ్దం దేనికి తగిలి తిరిగొచ్చిందో విని దారి తెలుసుకుంటుంది, చేపను పట్టుకుంటుంది. ఈల విని బిడ్డను గుర్తుపడుతుంది. నీళ్లలో నలువైపులా ఇనుము మోగుతుంటే దానికి దిక్కు తోచదు. శబ్దం లేని వైపుకి పరిగెడుతుంది. ఆ వైపున ఉండేదే హతకెజిరి అనే చిన్న రేవు. గుంపు లోపలికి రాగానే రేవు మూతికి అడ్డంగా వలలు కట్టేస్తారు. ఒక్కోసారి రాత్రంతా అలాగే ఉంచుతారు.

మర్నాడు పొద్దున జరిగేదే మన టికెట్టుకి సంబంధించింది. వేటగాళ్లతో పాటు ఆక్వేరియం శిక్షకులు కూడా నీళ్లలోకి దిగుతారు. ఒంటి మీద గాట్లు లేని, వయసులో చిన్నవైన, ముఖ్యంగా ఆడ డాల్ఫిన్లను ఎంచుకుంటారు. వాటిని గుడ్డ ఉయ్యాలల్లో వేసి పడవ పక్కన కట్టుకుని తీసుకుపోతారు. మిగతావాటిలో కొన్నింటిని వదిలేస్తారు, ఎక్కువ భాగాన్ని టార్పాలిన్ల మాటున చంపుతారు. తలవెనక ఇనప కడ్డీ దించి వెన్నుపాము తెగ్గొడతారు. రక్తం రేవులోకి కారకుండా ఆ కంతలో కొయ్య బిరడా బిగిస్తారు. ఇది వెంటనే ప్రాణం తీస్తుందని అధికారులు చెబుతారు. బ్రిస్టల్ విశ్వవిద్యాలయానికి చెందిన పశువైద్యుడు ఆండ్రూ బటర్‌వర్త్, ఆయన సహచరులు ఒక వీడియోను క్షణం క్షణం పరిశీలించి 2013లో పరిశోధన పత్రం ప్రచురించారు. అందులో ఆ డాల్ఫిన్ కదలిక ఆగడానికి నాలుగు నిమిషాలకు పైగా పట్టింది. నియమాలున్న ఏ కబేళాలోనూ ఈ పద్ధతిని ఒప్పుకోరని వాళ్లు తేల్చారు.

డబ్బు లెక్క చూడండి. చంపిన డాల్ఫిన్ మాంసానికి వచ్చేది వందల డాలర్లు. బతికున్న డాల్ఫిన్‌ను కాస్త శిక్షణ ఇచ్చి ఆక్వేరియానికి అమ్మితే వచ్చేది పదుల వేల డాలర్లు. ప్రభుత్వం ఏటా దాదాపు 1,800 జీవాలకు అనుమతి ఇస్తుంది. నిజంగా పట్టేది అందులో సగం కూడా ఉండదు, ఎందుకంటే ఆ మాంసం తినేవాళ్లు జపాన్‌లోనే తగ్గిపోయారు. మాంసం మీదే అయితే ఆ పడవల డీజిల్ ఖర్చు కూడా బరువే అవుతుందని నా నమ్మకం. వాటిని సముద్రంలోకి పంపుతున్నది షో వ్యాపారం.

నేను వెళ్లిన రోజు పడవలు ఖాళీగా తిరిగొచ్చాయి. రేవు గట్టున నాతో పాటు ఒక జపనీస్ పెద్దావిడ నిలబడి ఉంది, రిటైరైన టీచరు. సీజన్లో వీలున్నప్పుడల్లా రైల్లో వచ్చి, ఫొటోలు తీసి, జపనీస్ భాషలో అందరికీ పంపిస్తుంది. అక్కడే కాపలా ఉన్న పోలీసు ఆవిడకు వంగి నమస్కరించాడు, ఆవిడా నమస్కరించింది. పడవలు ఒక్కటొక్కటే మలుపు తిరిగి హార్బరులోకి పోతుంటే ఆవిడ కళ్లు తుడుచుకుంది. నాకూ ఆగలేదు.

తర్వాత మొరియురా అఖాతం వైపు నడిచాం. అక్కడ నీళ్ల మీద తేలే చెక్కల చట్రాలు, వాటికి వేలాడే వల దొడ్లు. అమ్మకానికి పెట్టిన డాల్ఫిన్లు వాటిలో ఉంటాయి. సముద్రంలో రోజుకి పదుల కిలోమీటర్లు తిరిగే జీవాలు చతురస్రంలో గుండ్రంగా తిరుగుతున్నాయి. చచ్చిన చేప తినడం ముందు నేర్పుతారట. ఆకలేస్తే కానీ తినవు, తింటేనే కానీ శిక్షణ మొదలవదు. షోలో డాల్ఫిన్ గెంతినప్పుడల్లా శిక్షకుడి చెయ్యి నడుముకున్న బకెట్‌లోకి పోవడం మీరు వీడియోల్లో చూసే ఉంటారు.

"అది వాళ్ల నాలుగొందల ఏళ్ల సంప్రదాయం కదమ్మా, మనమెవరం చెప్పడానికి?" అని మా కస్టమరు ఒక మాస్టారు అడిగారు. గౌరవించాల్సిన ప్రశ్న. తైజీవాళ్లు 1606 నుంచి తిమింగిలాలను వేటాడారన్నది నిజం. తెడ్డు పడవలు, చేతి బల్లేలు, తర్వాత వలలు. పిల్లతో ఉన్న రైట్ వేల్ అనే పెద్ద తిమింగిలం జోలికి కలలో కూడా పోవద్దని వాళ్ల పెద్దలు చెప్పేవారు. 1878 డిసెంబరు 24న, తిండికి కరువైన ఏడాదిలో, ఆ మాట పక్కనపెట్టి తల్లీబిడ్డల వెంట పడ్డారు. గాలి తిరిగింది. వందమందికి పైగా మగవాళ్లు సముద్రంలో పోయారు. ఊరి పాత వేట దాంతోనే కుప్పకూలింది. ఈ కథ తైజీవాళ్లే చెప్పుకుంటారు, నేను వెతికి తీసింది కాదు.

ఇప్పుడు చూస్తున్న వేట వేరు. 1969లో ఊళ్లో తిమింగిలాల మ్యూజియం కట్టారు. దాని కొలనుల్లో బతికున్న జీవాలు కావాల్సి వచ్చాయి. ఇంజను పడవలతో గుంపులను తోలుకొచ్చే పని ఒక పద్ధతిగా మొదలైంది అప్పటినుంచే. అంటే మాస్టారి వయసు కంటే చిన్నది. ఆయనకు ఇదంతా చెప్పాను. "అయితే తల్లీబిడ్డల్ని వదలమన్న పెద్దల మాటే అసలు సంప్రదాయం కదమ్మా" అన్నారు. అంత బాగా నేను చెప్పలేకపోయేదాన్ని.

"కోడిని తింటారు, మేకను తింటారు, డాల్ఫినే పాపమా?" అని ఇంకొందరు. మా ఇంట్లో ఆదివారం చికెన్ లేనిదే వంట కాదు, కాబట్టి ఈ ప్రశ్నను తప్పించుకోను. తినడం, తినకపోవడం గురించి నేను మాట్లాడట్లేదు. తైజీలో పట్టేవాటిలో పైలట్ తిమింగిలాలూ ఉన్నాయి. పేరుకే తిమింగిలాలు, డాల్ఫిన్ల కుటుంబానివే. అవి తల్లి చుట్టూ, అమ్మమ్మ చుట్టూ అల్లుకుని బతుకుతాయి. ఈడు దాటిన ముసలి ఆడవి గుంపులోనే ఉంటాయి. బాటిల్‌నోస్ డాల్ఫిన్ పిల్ల తల్లిని విడవకుండా మూడేళ్లు, ఒక్కోసారి ఆరేళ్లు తిరుగుతుంది. ప్రతిదానికీ పేరులాంటి సొంత ఈల ఉంటుంది. అలాంటి కుటుంబాన్ని మొత్తంగా ఒక గుంటలోకి తోలి, ఒకరి ముందు ఒకరిని చంపి, మిగిలిన పిల్లను గెంతులేయించడానికి అమ్మడం. ఏ తిండి అలవాటుతోనూ దీన్ని సమర్థించలేం.

మాంసం సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. చేపల్ని తిని చాలా ఏళ్లు బతికే జీవి కాబట్టి డాల్ఫిన్ ఒంట్లో పాదరసం పేరుకుంటుంది. 2007లో తైజీ కౌన్సిల్ సభ్యులే ఇద్దరు, జునిచిరో యమాషితా, హిసాతో ర్యోనో, బడిపిల్లల మధ్యాహ్న భోజనంలో పెడుతున్న పైలట్ తిమింగిలం మాంసాన్ని పరీక్ష చేయించి, అందులో పాదరసం ఎక్కువగా ఉందని బయటపెట్టారు. మూడువేల మంది ఊళ్లో, అందరూ బంధువులైన చోట, ఆ పని చేయడానికి ఎంత గుండె కావాలో పల్లెటూళ్లో పుట్టినవాళ్లకు తెలుస్తుంది.

ఇంత జరుగుతుంటే ప్రపంచం ఏం చేస్తోందంటే, చాలాకాలం ఏమీ చేయలేదనే చెప్పాలి. అంతర్జాతీయ తిమింగిల వేట కమిషన్ 1982లో వాణిజ్య వేట ఆపాలని తీర్మానించింది, 1985-86 సీజను నుంచి అమలైంది. అది పెద్ద తిమింగిలాలకే. డాల్ఫిన్లు, చిన్న తిమింగిలాలు ఆ గొడుగు కింద లేవు. 2019లో జపాన్ కమిషన్ నుంచే తప్పుకుంది, అయితే అంతకు ముందు సభ్యదేశంగా ఉన్నప్పుడు కూడా తైజీ పడవలను ఆపిన నియమం ఏదీ లేదు.

ఉద్యమంలో నాకు బాగా నచ్చిన ఘట్టం 2015లో జరిగింది. ప్రపంచంలోని జంతుప్రదర్శనశాలలు, ఆక్వేరియాల సంఘం వాజా. జపాన్ సంఘం జాజా అందులో సభ్యురాలు. జీవాలను క్రూరంగా పట్టకూడదని వాజా నియమావళిలోనే ఉంది, అయినా జాజా సభ్యులు తైజీ డాల్ఫిన్లను కొంటూనే ఉన్నారు. ఆస్ట్రేలియా ఫర్ డాల్ఫిన్స్ అనే సంస్థ స్విట్జర్లాండ్‌లో వాజా మీదే కేసు వేసింది. రేవు దగ్గర కేకలు వేయలేదు, మీ నియమం మీరే పాటించండని అడిగింది. ఆ ఏప్రిల్‌లో వాజా జాజాను సస్పెండ్ చేసింది. మేలో జాజా ఓటింగ్ పెట్టుకుంది. 99 మంది వాజాలోనే ఉందామన్నారు, 43 మంది వద్దన్నారు. ఆ తర్వాత జాజా సభ్యులు తైజీ వేటలో పట్టిన డాల్ఫిన్లు కొనకూడదన్న నిర్ణయం అయింది. వేట ఆగలేదు. సంఘంలో లేని ఆక్వేరియాలున్నాయి, చైనాలాంటి విదేశీ కొనుగోలుదారులున్నారు. అయినా పెద్ద గిరాకీ ఒకటి తగ్గింది.

వేట ఆపమనడం సులువు, ఆపినవాడి కడుపు సంగతి చూడటం కష్టం. ఈ పాఠం పసిఫిక్ మహాసముద్రంలోని సోలమన్ దీవుల్లో ఉంది. అక్కడి మలైటా దీవిలో ఫనలేయి అనే పల్లె. నీళ్లలో రాళ్లు కొట్టి డాల్ఫిన్లను తోలుతారు. పళ్లకోసం ప్రధానంగా: పెళ్లిలో కన్యాశుల్కంగా డాల్ఫిన్ పళ్లు ఇస్తారు. అమెరికా సంస్థ ఒకటి డబ్బు సాయం చేస్తామని ఒప్పందం చేసుకుంటే పల్లె వేట మానేసింది. తర్వాత ఆ డబ్బు దగ్గర తగాదా వచ్చింది. 2013 జనవరి నుంచి మార్చి లోపల 1,600కి పైగా డాల్ఫిన్లను చంపేశారు. ఎవరి తప్పెంతో నేను తీర్పు చెప్పను. కానీ మన కోస్తాలో ఏటా ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు చేపల వేట నిషేధం ఉన్నప్పుడు భృతి ఎప్పుడు పడుతుందా అని మత్స్యకారుల ఇళ్లు ఎలా ఎదురుచూస్తాయో చూసినవాళ్లకు ఫనలేయి కోపం అర్థమవుతుంది.

ఆ సోలమన్ దీవుల సముద్రంలోనే పట్టిన 27 డాల్ఫిన్లను సింగపూర్ సెంటోసా రిసార్టు కొన్నది. మా కస్టమర్లు అడిగే సింగపూర్ ఇదే. అందులో రెండు 2010లో మలేషియాలోని లంకావిలో ఉంచినప్పుడు చనిపోయాయి. ఇంకొకటి 2012లో సింగపూర్‌కి విమానంలో తెస్తుంటే పోయింది. ప్రతి షోలోని డాల్ఫినూ తైజీదేనని నేను అనను. కొన్ని కొలనులోనే పుట్టినవి కూడా ఉంటాయి. కానీ వాటి తల్లినో అమ్మమ్మనో ఎవరో ఒకరు ఏదో ఒక సముద్రంలో పట్టుకున్నారు.

ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవుల వేట గురించి కూడా అడుగుతారు. అక్కడ టికెట్టు వ్యవహారం లేదు, మాంసం ఊరివాళ్లే పంచుకుంటారు. 2021 సెప్టెంబరు 12న ఒక్కరోజే 1,428 తెల్లపక్కల డాల్ఫిన్లను చంపితే ఆ దీవులవాళ్లలోనే చాలామంది బాధపడ్డారు. అక్కడ గట్టిగా పనిచేసేది వాళ్ల వైద్యుల మాటేనని నాకనిపిస్తుంది. పైలట్ తిమింగిలం మాంసం మనుషులు తినదగింది కాదని ఆ దీవుల ప్రధాన వైద్యాధికారులు 2008లోనే చెప్పారు. అక్కడికి నా వ్యాపారం చేయి చాచలేదు, కాబట్టి అంతటితో ఆపుతాను.

మన దేశం సంగతి చెప్పకపోతే అన్యాయం. 1998లో చెన్నై దగ్గర ఒక పార్కుకి బల్గేరియా నుంచి డాల్ఫిన్లను తెచ్చారు, నెలల్లోనే చనిపోయాయి. తర్వాత కొచ్చి, ముంబయి లాంటి చోట్ల డాల్ఫిన్ పార్కులు పెడతామని ప్రతిపాదనలు వచ్చాయి. జంతు సంక్షేమ సంఘాలవాళ్లు అర్జీలు పెట్టారు, ధర్నాలు చేశారు, అధికారుల చుట్టూ తిరిగారు. 2013 మేలో కేంద్రం దేశంలో ఎక్కడా డాల్ఫినేరియాలకు అనుమతి ఇవ్వొద్దని చెప్పింది. డాల్ఫిన్లను మనుషులు కాని వ్యక్తులుగా చూడాలని, వినోదం కోసం బంధించడం నైతికంగా తగదని ఆ ఉత్తర్వులో ఉంది. ఆ వాక్యం చదివినప్పుడు నాకు ఈ దేశం మీద ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను. ఇక్కడ వద్దనుకున్నదాన్ని విమానమెక్కి పోయి డబ్బిచ్చి ఎందుకు చూడాలి?

కాబట్టి మా ఆఫీసులో పద్ధతి ఇది. విదేశీ సప్లయర్లు రేటు షీటు పంపితే అందులో డాల్ఫిన్ షో, డాల్ఫిన్లతో ఈత, ఫొటో అన్నీ తీసేసి మళ్లీ పంపమని మెయిల్ పెడతాం. ఉచితంగా కలిపామన్నా వద్దంటాం. ఫోన్‌లో చెప్పం, రాతలోనే అడుగుతాం. రాసింది వాళ్ల సేల్స్ మీటింగులో ఒక లెక్కగా నిలుస్తుంది. ట్రిప్ అడ్వైజర్ 2019లో, ఎక్స్‌పీడియా 2021లో ఇలాంటి టికెట్లు అమ్మడం గురించి నిర్ణయాలు మార్చుకున్నాయంటే, జనం రాసి అడగబట్టే.

మా ఏజెంట్ల గ్రూపులో గుంటూరు తమ్ముడొకడున్నాడు. "అక్కా, ఆ షో మీద కమిషన్ బాగుంటుంది గదా, మనం మానేస్తే ఇంకోడు అమ్ముతాడు" అన్నాడు. అమ్ముతాడు, నిజమే. అతన్ని కూర్చోబెట్టి హతకెజిరి ఫొటోలు చూపించాను, ఆ టీచరుగారు పంపినవి. చాలాసేపు మాట్లాడలేదు. వారం తర్వాత తన దుబాయ్ ప్యాకేజీ కొత్త బ్రోచర్ పంపాడు. నాలుగో రోజు సాయంత్రం షో ఉన్న చోట ఎడారి సఫారీ ఉంది. అతని కస్టమర్లు ఒక్కరూ తగ్గలేదని ఈమధ్యే చెప్పాడు.

జపాన్‌లోనే ఇజు తీరంలో ఫుతో అనే రేవు ఉంది. అక్కడా తోలుడు వేట జరిగేది. ఇజుమి ఇషీ అనే వేటగాడు ఆ పని మానేసి, 2002 నుంచి అదే సముద్రంలో జనాన్ని పడవెక్కించి డాల్ఫిన్లను చూపించడం మొదలుపెట్టాడు. గుంపు ఎక్కడ తిరుగుతుందో వేటగాడికంటే బాగా ఎవరికి తెలుస్తుంది? బతికున్న డాల్ఫిన్ కూడా ఊరికి తిండి పెట్టగలదని అతను చేసి చూపించాడు. మా జపాన్ కస్టమర్లకు నేను చెప్పే మొదటి పేరు అతనిదే.

పిల్లలకు డాల్ఫిన్ చూపించాలని ఉంటే దూరం పోనక్కర్లేదు కూడా. ఒడిశాలో పూరీ నుంచి 50 కిలోమీటర్లు పోతే సాతపాడ వస్తుంది. చిలికా సరస్సులో ఇరావడీ డాల్ఫిన్లు 150కి అటూఇటూగా ఉన్నాయి. ముక్కు పొడుగ్గా ఉండదు, గుండ్రటి తల. అవి గెంతవు, నీళ్ల మీద వీపు చూపించి మునుగుతాయి. ఓపికగా కూర్చోవాలి. పడవవాడితో ముందే మాట్లాడుకోండి: డాల్ఫిన్ కనిపించాక వెంటపడకూడదు, ఇంజను ఆపాలి, దగ్గరికి తీసుకెళితే బక్షీస్ ఇస్తామని ఆశ పెట్టకూడదు. ప్రొపెల్లరు తగిలి అక్కడ డాల్ఫిన్లు చచ్చిపోతున్నాయి.

వేరే ఏజెంటు దగ్గర బుక్ చేసుకుంటున్నా సరే, రెండు ప్రశ్నలు అడగండి. ఈ డాల్ఫిన్లను ఎక్కడ పట్టారు? షో తీసేసి రేటు రాసివ్వగలరా? మొదటిదానికి జవాబు రాదు. రెండోదానికి తప్పకుండా వస్తుంది, ఎందుకంటే కస్టమరు పోతాడన్న భయం మా అందరికీ ఉంది. మా కృష్ణా, గుంటూరు ఏజెంట్లలో ఎవరికైనా సప్లయర్లకు పెట్టే మెయిల్ నమూనా కావాలంటే కింద కామెంటు పెట్టండి, తెలుగులోనూ ఇంగ్లిషులోనూ పంపుతాను. చిలికా ట్రిప్‌కి డిసెంబరు, జనవరి సెలవుల్లో రాదలుచుకున్నవాళ్లు దసరాలోపు చెబితే పూరీలో గదులు చూసిపెడతాను.